అమాండా కొట్టిన దెబ్బ

కన్నకొడుకు చెంప ఛెళ్ళుమనిపించిన ఒక తల్లి చేసింది తప్పా ఒప్పా అని 1967 నవంబరు నుంచి ఇవాళ్టిదాకా జనం వాదించుకుంటూనే ఉన్నారంటే మీరు నమ్మకపోవచ్చు. పోనీ ఆ కొడుకు ఏ పదేళ్ళ పిల్లాడో అంటే అదీ కాదు, నక్షత్రాల మధ్య తిరిగే ఓడకి కెప్టెన్ తరవాత అంతటివాడు. ఆ తల్లి మన భూమ్మీద పుట్టిన ఆడదే గాని, కాపురం మాత్రం వేరే గ్రహంలో. అమెరికా టెలివిజన్‌లో వచ్చిన 'స్టార్ ట్రెక్' అనే ధారావాహికలోది ఈ ముచ్చట. ఎనభైల్లో మన దూరదర్శన్ కూడా దాన్ని చూపించింది. మగపిల్లల తమాషా అనుకుని ఆ వేళకి వంటింట్లోకి వెళ్ళిపోయిన ఆడవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. అసలు ఆ కథల్ని పట్టుకుని నిలబెట్టింది ఆడవాళ్ళేనని తెలిస్తే వాళ్ళంతా ఏమంటారో!

ముందు కథ చెప్పనివ్వండి. కొడుకు పేరు స్పాక్. నిక్కిన చెవులు, పైకి లేచిన కనుబొమలు, మొహంలో ఏ భావమూ ఉండదు. తండ్రి సారెక్ వల్కన్ గ్రహంవాడు. ఆ గ్రహంలో కోపంగాని ఏడుపుగాని పైకి కనిపించటం పరువుతక్కువ. ఏది చేసినా లెక్కకి నిలవాలి, తర్కానికి ఒప్పాలి. తల్లి అమాండా మన భూలోకపు పంతులమ్మ. తండ్రి చేరమన్న విద్యాపీఠం కాదని కొడుకు అంతరిక్ష దళంలో చేరాడు. దాంతో తండ్రీకొడుకుల మధ్య పద్ధెనిమిదేళ్ళుగా మాటల్లేవు. (మన వీధిలోనే అలాంటి ఇళ్ళు రెండున్నాయి అంటారా? అందుకేగా చెప్తున్నాను.)

ఒకసారి రాయబారుల్నందర్నీ ఒక సభకి చేర్చే పని స్పాక్ ఉన్న ఓడ మీద పడింది. ఆ రాయబారుల్లో సారెక్ ఒకడు. దారిలో ఆయనకి గుండె జబ్బు ముదిరి, ఆపరేషన్ తప్పనిసరి అయింది. దానికి బోలెడు రక్తం కావాలి. ఆ రక్తం ఇవ్వగలిగింది కొడుకొక్కడే. స్పాక్ సరేనన్నాడు కూడా. అంతలో కెప్టెన్ కర్క్‌ని ఎవడో కత్తితో పొడిచాడు. వెనక ఎవరిదో తెలియని ఓడ ఒకటి తరుముకొస్తోంది. అధికారం స్పాక్ చేతికి వచ్చింది. ఇంతమంది ప్రాణాలు, రాయబారులు, యుద్ధమో శాంతో తేలవలసిన సభ - ఇవన్నీ వదిలి ఒక్క మనిషి కోసం నేను బల్ల మీద పడుకోలేనన్నాడు. ఆ ఒక్క మనిషి కన్నతండ్రి. తల్లి వచ్చి చెప్పింది, బతిమాలింది, ఈపని చేస్తే నిన్ను బతికున్నంతకాలం క్షమించనంది. నాన్నగారైనా ఇదే చేసేవారన్నాడు కొడుకు. అప్పుడు కొట్టింది. కొట్టి, బయటికి వెళ్ళిపోయింది.

ఈ కథ రాసింది డి. సి. ఫాంటానా. పొడి అక్షరాలు చూసి మగవాడనుకునేరు. ఆవిడ డొరతీ. చెంపదెబ్బ తరవాత ఆవిడ ఇంకొక్క సంగతి పెట్టింది, దాని దగ్గరికి తరవాత వస్తాను.

ఇంతకీ వాదించుకునేవాళ్ళెవరంటారా? స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8న మొదలయింది. మరుసటి సంవత్సరమే ఇద్దరు ఆడవాళ్ళు పూనుకుని, ఒక్క స్పాక్ మీదే వ్యాసాలూ కథలూ పోగేసి, సైక్లోస్టైల్ చేసి, 'స్పాకనేలియా' అని పత్రిక పెట్టారు. తరవాత అలాంటివి పుట్టగొడుగుల్లా వచ్చాయి, రాసేవాళ్ళలో నూటికి ఎక్కువపాళ్ళు ఆడవాళ్ళే. రెండో ఏడాది చివర్లో ధారావాహిక ఆపేస్తారని వినపడితే, బీజో ట్రింబుల్ అనే ఇల్లాలు, ఆవిడ భర్తా కలిసి ఉత్తరాల ఉద్యమం నడిపారు. కంపెనీవాళ్ళకి ఉత్తరాలు కుప్పలుగా పడేసరికి మూడో ఏడాదికి ఒప్పుకున్నారు. మొత్తం 79 కథలు వచ్చి 1969 జూన్‌లో ఆగిపోయింది. ఆగిపోయాక అభిమానం రెండింతలయింది! 1972 జనవరిలో న్యూయార్క్ హోటల్లో అభిమానులు సభ పెడితే, కొన్ని వందలమంది వస్తారనుకున్నచోట మూడువేలు దాటారు.

వాదన ఒకటి కాదు. మొదటిది శాస్త్రం గురించి. ఐజాక్ అసిమోవ్ పేరు మీరు వినే ఉంటారు, పెద్ద రచయిత, పైగా రసాయనశాస్త్రం చదివిన డాక్టరు. 1966లో ఆయన ఒక టీవీ పత్రికలో ఇలాంటి కార్యక్రమాల్లో శాస్త్రం తప్పులతడికని వేళాకోళం చేశాడు. అభిమానులు ఊరుకుంటారా? మండిపడ్డారు. కొన్ని నెలలు తిరిగేసరికి అదే అసిమోవ్, అదే పత్రికలో, స్పాక్‌ని చూసి ఆడపిల్లలు ఎందుకు మురిసిపోతున్నారో తీరిగ్గా రాశాడు. ఆయన కూతురే ఆ స్పాక్ ఎంత బావున్నాడో అందిట. మగవాడి తెలివి కూడా ఆడవాళ్ళకి అందమేనన్న మాట అని ఆ పెద్దమనిషి ఆశ్చర్యపోయాడు. ఆ సంగతి మనల్ని అడిగితే ముందే చెప్పి ఉండేవాళ్ళం!

శాస్త్రం మాట నిజమే లెండి. వెలుగు సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. అలా పోయినా సూర్యుడి తరవాత దగ్గర్లో ఉన్న నక్షత్రానికి నాలుగేళ్ళపైన పడుతుంది. 1977లో పంపిన వాయేజర్ 1, సెకనుకి పదిహేడు కిలోమీటర్ల చొప్పున పోతూనే ఉంది, ఆ వేగంతో అంత దూరం పోవాలంటే డెబ్భైవేల ఏళ్ళ పైమాటే. మరి వీళ్ళు వారం వారం ఒక్కో నక్షత్రానికి పోయి, పని చక్కబెట్టుకుని, హాస్యాలాడుకుంటూ తిరిగొస్తారు. మనిషిని అణువులుగా విడగొట్టి ఓడలోంచి నేల మీదికి దింపే యంత్రం ఒకటుంది. మనిషి ఒంట్లో అణువులు ఏడు పక్కన ఇరవై ఏడు సున్నాలు పెడితే ఎన్నో అన్ని. వాటన్నిటినీ లెక్కపెట్టి, విప్పి, మళ్ళీ అదే వరసలో కుట్టాలి. ఎందుకొచ్చిన తంటా అంటారా? వారం వారం అంత పెద్ద ఓడ నేల మీద దిగుతున్నట్టు చూపించాలంటే డబ్బు చాల్లేదు. ఆ యంత్రాన్ని పుట్టించింది విజ్ఞానం కాదు, ఇంటి ఖర్చుల పద్దు. చాలీచాలని జీతంలో కూర ఒండే ఇల్లాలికి ఆ బాధ తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం స్పాక్ పుట్టుక. వేరే గ్రహంలో వేరేగా పరిణమించిన ప్రాణికీ మనిషికీ బిడ్డ పుట్టటం కన్నా, మనిషికీ మొక్కకీ పుట్టటమే ఇంకాస్త నమ్మచ్చని ఖగోళశాస్త్రవేత్త కార్ల్ సాగన్ నవ్వాడు. నాకు ఆయన మాట మీద గౌరవమే. కాని చూడండి, ఆ పుట్టుకని తీసేస్తే కథేముంది? తండ్రి ఇంటి కట్టుబాటు ఒకటి, తల్లి మనసు ఇంకొకటి, రెండూ తనవే అయి, రెండు చోట్లా సగం పరాయివాడైన పిల్లవాడి బాధ అబద్ధమా? కులాంతరమో మతాంతరమో చేసుకున్నవాళ్ళ పిల్లల్ని, అమెరికాలో పెరుగుతున్న మన పిల్లల్ని అడగండి.

అభిమానుల దగ్గర నాకు నచ్చిందేమంటే, ఎక్కడ ఊరుకోవాలో ఎక్కడ ఊరుకోకూడదో వాళ్ళకి బాగా తెలుసు. అణువులు విప్పే యంత్రాన్ని ఒప్పేసుకుంటారు. కాని ఆ యంత్రం చెడిపోయిన ఒక కథలో నలుగురు మనుషులు గ్రహం మీద చలికి గడ్డకట్టిపోతుంటే, చిన్న పడవ పంపి తెచ్చుకోరేం అని నిలదీస్తారు. (1966 అక్టోబరులో ఆ కథ వచ్చేనాటికి చిన్న పడవల ఊహ ఇంకా తెర మీదికి రాలేదు. నవంబరులో వచ్చింది. అంచేత ఆ నలుగురూ వణికారు!) పుష్పక విమానం ఎలా ఎగిరిందని మనం ఎన్నడూ అడగలేదు. సీతమ్మని మళ్ళీ అడవికి ఎందుకు పంపాడని మాత్రం తరతరాలుగా అడుగుతూనే ఉన్నాం.

ఆ చలి కథలోనే రెండో వాదన ఉంది. యంత్రం చెడి కర్క్ ఇద్దరవుతాడు. ఒకడు ఉత్త క్రూరుడు, తాగి తందనాలాడేవాడు. రెండోవాడు ఉత్త సాత్వికుడు. ఇంకేం, మంచివాడే చాలు, ఆ పాడు ముక్కని పారేస్తే సరి అనిపిస్తుంది కదా. అక్కడే చిక్కు. ఆ సాత్వికుడు రానురాను ఏ నిర్ణయమూ తీసుకోలేడు. కింద మనుషులు చచ్చిపోతున్నారని తెలుసు, ఏం చెయ్యాలో తేల్చుకోలేడు. కోపం, కాంక్ష, పట్టుదల అన్నీ రెండోవాడితో పోయాయి. చివరికి ఆ క్రూరుణ్ణి కావలించుకుని మళ్ళీ ఒకటి కావలసి వచ్చింది.

1994లో ఆంటోనియో డమాసియో అనే మెదడు వైద్యుడు రాసిన పుస్తకంలో ఇంచుమించు ఇలాంటి నిజమైన మనుషులున్నారు. నుదుటి వెనక మెదడు భాగం దెబ్బతిన్నవాళ్ళు. తెలివి పరీక్షలు పెడితే చక్కగా నెగ్గుతారు. జ్ఞాపకం ఉంది, మాట ఉంది, లెక్క ఉంది. లేనిదల్లా లోపల కదలిక. వాళ్ళ బతుకులు మాత్రం ఛిన్నాభిన్నం, ఏ నిర్ణయమూ సరిగ్గా రాదు. అలాంటి ఒక రోగిని మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగి రెండు తేదీలు చెప్పాట్ట డాక్టరు. ఆ పెద్దమనిషి డైరీ తీసి, ఈ తేదీ అయితే ఇది, ఆ తేదీ అయితే అది, వాతావరణం ఎలా ఉంటుంది అంటూ దగ్గిర దగ్గిర అరగంట తర్కించాడు. విసుగొచ్చి డాక్టరే రెండో తేదీకి రమ్మన్నాడు. సరేనని లేచి వెళ్ళిపోయాడు, అంతే. చీరలకొట్లో మనం పడే అవస్థ కాదు సుమండీ ఇది. అక్కడ మనకి ఇష్టాలు ఎక్కువై తేలదు. ఇతనికి ఇష్టమన్నదే లేక తేలలేదు.

అయితే తర్కం మీద నేను కత్తి కట్టానని అనుకోకండి. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చినప్పుడు గుండెలు బాదుకునేవాళ్ళ కన్నా, కాయితాలు తీసుకుని ఆస్పత్రికి బయల్దేరేవాళ్ళే నాకు దేవుళ్ళు. స్పాక్‌ని స్థితప్రజ్ఞుడని మురిసిపోయేవాళ్ళని నేను వెక్కిరించను. గీతలో చెప్పినవాడికీ ఇతనికీ భేదం ఉందనుకోండి. వల్కన్‌వాళ్ళకి అసలు భావాలే లేవని చాలామంది అనుకుంటారు, కాదు. ఒకప్పుడు వాళ్ళు కోపంతో ఒకళ్ళనొకళ్ళు చంపుకున్న జాతి. అంత ఉధృతం గనకనే అంత గట్టి ఆనకట్ట. నీళ్ళు లేని చోట ఆనకట్ట ఎవరు కడతారు?

స్పాక్ లోపం నాకు కనిపించేది వేరేచోట. ఇంకో కథలో చిన్న పడవ ఒకటి చెడిపోయి ఏడుగురు ఒక గ్రహం మీద చిక్కుకుంటారు. పెద్ద స్పాక్. పడవ లేవాలంటే ముగ్గురు మనుషుల బరువు తగ్గాలి, ఆ ముగ్గురూ ఎవరో తేలుస్తానంటాడు స్పాక్, జీతం లెక్కకట్టినంత తేలిగ్గా. చుట్టూ రాక్షసుల్లాంటి జంతువులు. ఆయుధం చూపిస్తే భయపడి పారిపోతాయి, తర్కం ప్రకారం అంతే జరగాలన్నాడు. అవి భయపడలేదు, కోపం తెచ్చుకుని మీదపడ్డాయి. తోటివాడు చచ్చిపోతే రెండు మంచి మాటలు చెప్పి పాతిపెడదామన్నారు మిగతావాళ్ళు. పని మానుకుని అదెందుకన్నాడు. వాళ్ళు తిరగబడ్డారు.

చచ్చినవాడికి ఆ రెండు మాటలవల్ల ఒరిగేదేమీ లేదు, అది నిజమే. పదోరోజు, పన్నెండో రోజు మనం చేసేవి మాత్రం పోయినవాళ్ళకి ఏ మేరకి అందుతాయో ఎవరు చూసొచ్చారు! ఉన్నవాళ్ళు మర్నాడు లేచి పొయ్యి వెలిగించుకోవాలంటే అవి కావాలి. స్పాక్ పడవ బరువు లెక్కవేశాడు, ఇంధనం లెక్కవేశాడు, జంతువుల కోపమూ మనుషుల దుఃఖమూ లెక్కలో వెయ్యలేదు. అవీ ఇంధనమంత వాస్తవాలేగా? నీకు కోపం రావటానికి కారణమే లేదు అని కోడలికి నిరూపించి చూపించిన మగవాణ్ణి ఒకణ్ణి నేనెరుగుదును. నిరూపణలో పొల్లుమాట లేదు. కోపం మాత్రం పోలేదు. చివరికి ఆ పడవ బయటపడింది కూడా లెక్కవల్ల కాదు. ఉన్న ఇంధనమంతా ఒక్కసారి వెలిగించి పారేస్తాడు స్పాక్, ఎవరైనా చూస్తారేమోనన్న ఆశతో. దూరాన ఓడవాళ్ళు ఆ మంట చూశారు. ఏడుగురిలో ఐదుగురు మిగిలారు.

ఇక మళ్ళీ అమాండా దగ్గరికి. వాదించేవాళ్ళలో సగంమంది స్పాక్ చేసిందే న్యాయమంటారు. కాదనటం కష్టం. మా పెద్దమామగారు ఒక చిన్న ఊళ్ళో స్టేషన్ మాస్టరు. సింగిల్ లైను. తల్లికి ప్రమాదంగా ఉందని సాయంత్రం టెలిగ్రాం వచ్చింది. రిలీవరు వచ్చేది పొద్దున. ఆయన రాత్రంతా లైన్ క్లియర్ ఇచ్చుకుంటూ, టోకెన్లు అందించుకుంటూ కూర్చున్నారు. ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆయన చెల్లెలు ఆ తరవాత ఆ ఇంట భోజనం చెయ్యలేదు. ఆ రాత్రి ఆ స్టేషన్ దాటి వెళ్ళిన బళ్ళలో నిద్రపోయినవాళ్ళలో ఒక్కరికైనా ఆయన పేరు తెలుసునా? మామగారు చేసింది సరైన పనేనని నేను ఇప్పటికీ అంటాను. కాని చెల్లెలి ఎదట అనగలిగేదాన్నా అంటే, లేదు.

మామగారు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. చెల్లెలు తిట్టినా తలొంచుకుని ఊరుకున్నారు. స్పాక్ అలా కాదు, తల్లికి తర్కం చెప్పాడు. నాకేమనిపిస్తుందంటే, అమాండా చెయ్యి పడింది ఆ నిర్ణయం మీద కాదు. తండ్రి చచ్చిపోతాడని చెప్తున్నప్పుడు కూడా కదలని ఆ మొహం మీద.

ఇంకో మెలిక ఉంది. 1982లో వచ్చిన సినిమాలో ఇదే స్పాక్ ఓడలో అందర్నీ బతికించటానికి తనే విషకిరణాల గదిలోకి వెళ్ళి చచ్చిపోతాడు. ఒక్కడి కన్నా పదిమంది ముఖ్యమన్న అదే లెక్క. అక్కడ స్పాక్ చేసింది తప్పని ఎవరూ వాదించలేదు, హాల్లో అందరూ ఏడ్చారు. 1984లో తరవాతి సినిమాలో స్నేహితులు ఆ లెక్కని తిరగేసి, ఆ ఒక్కడి కోసం ఓడనే పోగొట్టుకుంటారు. దానికీ చప్పట్లే. ఎందుకంటారు? ఎవరికి వారు తమనే ఇచ్చుకున్నారు, తమదే పోగొట్టుకున్నారు. కాని తండ్రి ప్రాణాన్ని కొడుకు లెక్కలో వేసినప్పుడూ, రాజ్యం కోసం భార్యని అడవికి పంపినప్పుడూ, ఇస్తున్నది ఎవరి సొత్తు? 1967 ఏప్రిల్‌లో వచ్చిన కథ ఒకటుంది, అందులో కర్క్ గతంలోకి పోయి 1930ల నాటి ఒక మంచి మనిషిని, ఎడిత్ అనే ఆవిడని ప్రేమిస్తాడు. ఆవిడ బతికితే ఆవిడ నడిపే శాంతి ఉద్యమంవల్ల అమెరికా యుద్ధంలోకి ఆలస్యంగా దిగి, హిట్లరు గెలుస్తాడు. లారీ కింద పడబోతున్న ఆవిణ్ణి కాపాడటానికి డాక్టరు పరుగెత్తితే కర్క్ పట్టుకుని ఆపేస్తాడు. లోకం నిలిచింది. ఆవిణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే సరేననేదేమో కూడాను. ఆ అడక్కపోవటమే నాకు గుచ్చుకుంటుంది.

అమాండా కథలో రచయిత్రి అంత దూరం పోలేదు. కర్క్ గాయంతోనే లేచి, తగ్గిపోయినట్టు నటించి, అధికారం తను తీసుకుని, స్పాక్‌ని ఆపరేషన్‌కి పంపేస్తాడు. తండ్రి బతుకుతాడు, ఓడా బతుకుతుంది. చూసేవాళ్ళకి హాయి. నాకు మాత్రం, పరీక్ష హాల్లో కష్టమైన లెక్క దగ్గరికొచ్చేసరికి గంట కొట్టేసినట్టయింది.

చెంపదెబ్బ తరవాత సంగతి చెప్తానన్నాను కదూ. తల్లి వెళ్ళిపోయాక తలుపు మూసుకుంటుంది. స్పాక్ ఆ తలుపు దాకా వెళ్ళి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడతాడు. మాట లేదు, మొహంలో మార్పూ లేదు. ఆ చెయ్యి ఒక్కటి చాలు, కొడుకుని క్షమించేశామని కొందరు. చూడవలసిన తల్లి తలుపు అవతల ఉంటే ఆ చెయ్యి ఎందుకని కొందరు. నేను రెండో జట్టు. చూపించని ప్రేమని మన ఇళ్ళలో చాలా చూశాం, అది ఉన్నదని అవతలివాళ్ళు ఊహించుకుంటూ ఏళ్ళు గడపాలి.

ఆఖరి ఘట్టం ఆస్పత్రి గదిలో. తండ్రీకొడుకులు పక్కపక్క మంచాల మీద కోలుకుంటుంటారు. అమాండా సంతోషం పట్టలేక, మీ తర్కం తగలెయ్య అన్నట్టు విసుక్కుంటుంది. ఈవిడికి ఆవేశం ఎక్కువ సుమా అని కొడుకంటాడు. ఎప్పుడూ అంతే అంటాడు తండ్రి. మరెందుకు చేసుకున్నారంటే, అప్పట్లో అదే తర్కసమ్మతంగా తోచిందని సారెక్ జవాబు. పద్ధెనిమిదేళ్ళ తరవాత తండ్రీకొడుకులు కలిశారు, కలిసింది ఆవిడ మీద వేసిన హాస్యంలో. అందరూ నవ్వుతారు, మనమూ నవ్వుతాం, రాసింది ఆడది కాబట్టి నేనింకాస్త ఎక్కువ నవ్వాను. ఆ చెంపదెబ్బ సంగతి మాత్రం ముగ్గురిలో ఒక్కరూ ఎత్తరు.